భద్రతా పాఠం ఎక్కడ మొదలుపెట్టాలి?

అధ్యాపకుడు: వేములవాడలో డిగ్రీ పిల్లలకు అంతర్జాతీయ భద్రత చెప్పమంటే మొదటి క్లాసులోనే బోర్డు మీద రెండు తేదీలు రాస్తాను. ఒకటి 1948 ఆగస్టు 21. భారతదేశం మీద నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసిన రోజు. రెండోది 1978 అక్టోబర్. సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన నెల. ఆ ప్రకటనకు వాడిన చట్టం కూడా 1948 నాటిదే, అప్పటి మద్రాసు ప్రభుత్వం చేసింది. ముప్పయ్యేళ్ళలో ఒకే నేలకు రెండు పేర్లు పడ్డాయి. మొదట అంతర్జాతీయ వివాదం అన్నారు, తర్వాత శాంతిభద్రతల సమస్య అన్నారు. ఎవరు, ఎవరి నుంచి, ఎవరిని కాపాడుతున్నారన్న ప్రశ్న మాత్రం రెండుసార్లూ ఒకటే. ఆ ప్రశ్న అడక్కుండా అణ్వాయుధాల పాఠం మొదలుపెడితే పిల్లవాడు పరీక్ష దాకా గుర్తుపెట్టుకుంటాడు, అంతే.

పరిశోధకురాలు: సార్, ఆ రెండు తేదీలు నేనూ చెప్తాను. మొదటి వారం మాత్రం చెప్పను. ఎందుకంటే ఢిల్లీలో ఇరవయ్యేళ్ళ అమ్మాయి మొదటి వారంలో హార్ముజ్ జలసంధి గురించి చదువుతుంది, అణు నిరోధం గురించి చదువుతుంది, చైనా నౌకాదళం లెక్కలు చూస్తుంది. మన అమ్మాయి మాత్రం తన ఊళ్ళో జరిగిన కాల్పుల గురించి చదవాలా? మన ప్రాంతం నుంచి వెళ్ళినవాళ్ళను సెమినార్లలో సాక్షులుగా కూర్చోబెడతారు. మీ ఊళ్ళో ఏం జరిగిందో చెప్పమంటారు. దాని అర్థమేమిటో ఇంకెవరో చెప్తారు. నేను ఆ కుర్చీలో కూర్చుని వచ్చినదాన్ని. నా విద్యార్థుల్ని అందులో కూర్చోబెట్టడం నాకిష్టం లేదు. ప్రపంచం గురించి మాట్లాడే హక్కు వాళ్ళకు మొదటి రోజు నుంచే ఉండాలి.

అధ్యాపకుడు: హార్ముజ్ అంటే మన పిల్లలకు దూరమనుకుంటున్నావా బిడ్డా? సిరిసిల్ల, వేములవాడ, కోరుట్ల, మెట్‌పల్లి, ఏ ఊరికి పోయినా గల్ఫ్‌కు మనిషిని పంపని వాడకట్టు ఉండదు. 1990 ఆగస్టు 2న సద్దాం సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు ఢిల్లీ ప్రొఫెసర్‌కు అది వార్త. ఇక్కడి తల్లికి అది కొడుకు నుంచి ఆగిపోయిన ఉత్తరం. జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాలు లక్షమందికి పైగా మనవాళ్ళను తెచ్చాయి. ఆ ఎడారి దాటి వచ్చినవాళ్ళు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు. వాళ్ళను క్లాసుకు పిలిచి మాట్లాడించు, ఆ తర్వాత మ్యాపు తీసి హార్ముజ్ చూపించు. ఆ పిల్లవాడు జలసంధి అంటే ఏమిటో జన్మలో మరువడు.

పరిశోధకురాలు: పిలుద్దాం. కానీ అలా వచ్చిన మనిషి ఏం చెప్తాడో, ఏం చెప్పలేడో కూడా చూద్దాం. సరిహద్దు దాకా ఎలా వెళ్ళాడో, నీళ్ళు ఎంతకు కొన్నాడో, జీతం ఎవరు ఎగ్గొట్టారో చెప్తాడు. ఇరాన్‌తో ఎనిమిదేళ్ళ యుద్ధం తర్వాత ఇరాక్ అప్పుల్లో కూరుకుపోయిందని, చమురు ధర పడిపోవడానికి కువైట్ కారణమని సద్దాం మండిపడ్డాడని, అమెరికా అడ్డుపడదని లెక్క వేసుకున్నాడని ఆయనకు తెలియదు. తెలియకపోవడం ఆయన తప్పు కాదు. అది చెప్పడానికే మనం ఉన్నాం. బాధపడ్డవాడి మాట వినగానే విద్యార్థికి విషయం అర్థమైపోయినట్టు అనిపిస్తుంది. నాకు భయం ఆ అనిపించడం గురించే. కన్నీళ్ళు వచ్చాక ప్రశ్నలు ఆగిపోతాయి. మొన్న 2023 అక్టోబర్ తర్వాత మన జగిత్యాల, నిజామాబాద్‌ల నుంచి ఇజ్రాయెల్‌లో ముసలివాళ్ళకు సేవచేసే పనికి వెళ్ళినవాళ్ళ ఇళ్ళలో ఎంత దిగులో మీకు తెలుసు. ఆ దిగులు ఒక్కటే పట్టుకుంటే గాజాలో ఏం జరుగుతోందో ఆ విద్యార్థికి కనిపించదు. సొంత మనిషి ఉన్నవైపే న్యాయమున్నట్టు అనిపిస్తుంది.

అధ్యాపకుడు: ఆ మాట ఒప్పుకుంటాను. మనవాడు పనిచేసే ఇల్లే మనకు దేశమైపోతుంది. అయినా ఒక సంగతి చూడు. నువ్వు చదివిన శాస్త్రం ఎక్కడ పుట్టింది? వేల్స్‌లో, అబరిస్ట్‌విత్ అనే సముద్రం ఒడ్డు పట్నంలో, 1919లో. అక్కడి విశ్వవిద్యాలయానికి డేవిడ్ డేవిస్ కుటుంబం డబ్బిచ్చి అంతర్జాతీయ రాజకీయాలకు ప్రపంచంలోనే మొదటి ప్రొఫెసర్ పదవి పెట్టించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన విద్యార్థుల జ్ఞాపకంగా పెట్టారు. అంటే ఈ చదువు గాయం పక్కనే పుట్టింది. చిన్న ఊళ్ళోనే పుట్టింది. అది రాజధానికి చేరింది తర్వాత. మన దగ్గర 1955లో ఢిల్లీ సప్రూ హౌస్‌లో అంతర్జాతీయ అధ్యయనాల స్కూలు పెట్టారు, 1970లో జేఎన్‌యూలో కలిపారు. అక్కడి నుంచి సిలబస్ మనకు దిగుమతి అయింది. మనం దాన్ని తలుపు దగ్గర నిలబెట్టి నీకు మా ఊరు తెలుసా అని ఒక్కసారైనా అడగలేదు.

పరిశోధకురాలు: అబరిస్ట్‌విత్ కథ అక్కడితో ఆగలేదు కదా సార్. ఆ పదవి పెట్టినవాళ్ళు యుద్ధం మళ్ళీ రాకూడదని గట్టిగా కోరుకున్నారు. నానాజాతి సమితి ఉంటే చాలనుకున్నారు. ఆ కోరికే పాఠమైంది. 1936లో అదే కుర్చీలో ఇ.హెచ్. కార్ వచ్చి కూర్చున్నాడు. 1939లో పుస్తకం రాశాడు. మీరు లోకం ఎలా ఉండాలో చెప్పుకుంటూ ఉన్నారు, ఎలా ఉందో చూడలేదు అన్నాడు. ఆ పుస్తకం అచ్చవుతుండగానే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. గాయం దగ్గర నిలబడ్డవాడికి శాంతి మీద అంత ఆశ ఉంటుంది, ఆయుధాల లెక్క చూడబుద్ధి కాదు. నేను దూరం కావాలంటున్నది అందుకే. దూరం అంటే పట్టనట్టు ఉండడం కాదు. నాకు నచ్చని జవాబు వచ్చినా దాన్ని రాసే చోటు.

అధ్యాపకుడు: ఆ చోటు ఎవరిదో కూడా చెప్పు మరి. మన వేములవాడ సంగతే తీసుకుందాం. పదో శతాబ్దంలో ఇది చాళుక్య సామంతుల రాజధాని. పైన రాష్ట్రకూటులు, అటు వేంగి చాళుక్యులు, మధ్యలో మనం. ఈ రోజు సరిహద్దు రాజ్యం అని పిలిచే ప్రతి చిన్న దేశం కష్టమూ ఇక్కడ ఉంది. రెండో అరికేసరి, రాష్ట్రకూట నాలుగో గోవిందుడికి శత్రువైన విజయాదిత్యుడికి ఆశ్రయమిచ్చాడు. అప్పగించమంటే అప్పగించలేదు. చివరికి గోవిందుణ్ణి దించి ఇంకో రాజును గద్దె మీద కూర్చోబెట్టినవాళ్ళలో ఒకడయ్యాడు. ఇదంతా చెప్పే పంపకవి ఆయన ఆస్థానంలోనే ఉన్నాడు. కన్నడానికి ఆదికవి. భారతకథ రాస్తూ తన రాజునే అర్జునుణ్ణి చేశాడు. మహాకవే, సందేహం లేదు. కానీ ఆ యుద్ధాల్లో ఈ ఊరి కాపువాడు, కుమ్మరి, సాలెవాడు ఏమయ్యారో ఆ కావ్యంలో దొరకదు. దూరంగా కూర్చున్నామనుకునే భద్రతా నిపుణులు చాలామంది రాజు దగ్గర కూర్చున్నారు బిడ్డా. మంత్రిత్వ శాఖ ఇచ్చిన నిధి, రిటైరైన సైనికాధికారులతో గోష్ఠి, పత్రికలో వ్యాసం. వాళ్ళ వ్యాసాల్లోనూ రాజ్యమే అర్జునుడు.

పరిశోధకురాలు: ఇది బలమైన మాట. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మా రంగంలో చాలా పనికి ప్రభుత్వం డబ్బిస్తుంది, ప్రభుత్వమే సమాచారమిస్తుంది, ఏ ప్రశ్న ముఖ్యమో కూడా ప్రభుత్వమే చెప్తుంది. అయినా ఒక మనిషిని గుర్తుచేస్తాను. కె. సుబ్రహ్మణ్యం. ఐఏఎస్ అధికారి. 1965లో పెట్టిన రక్షణ అధ్యయన సంస్థను ఏళ్ళ తరబడి నడిపాడు. ఆయన వాదాలు చాలావాటితో నేను ఏకీభవించను. కానీ 1999లో కార్గిల్ తర్వాత ప్రభుత్వం వేసిన సమీక్షా సంఘానికి ఆయనే అధ్యక్షుడు. గూఢచార వ్యవస్థలో లోపాలున్నాయని ఆ నివేదిక చెప్పింది. కొన్ని భాగాలు బయటపెట్టలేదు, నిజమే. కానీ మిగిలింది పార్లమెంటు ముందుకు వచ్చింది, దేశం చదివింది. రాజ్యం లోపల కూర్చుని రాజ్యం తప్పు రాయడం కూడా ఒక రకం ధైర్యం. ఆ పని బయటినుంచి నినాదమిచ్చేవాడు చేయలేడు. వాడికి ఫైలు చేతికి రాదు.

అధ్యాపకుడు: కార్గిల్‌లో ఆ పని జరిగింది. సిరిసిల్లకు అలాంటి సంఘం వేశారా? 1977లో ఎమర్జెన్సీ పోయాక ఇక్కడ రైతు కూలీ సంఘాలు పుట్టాయి. వెట్టి చెయ్యం అన్నారు. కూలీ పెంచమన్నారు. దండుగల పేరుతో దొరలు గుంజుకున్న డబ్బు, భూములు తిరిగి ఇమ్మన్నారు. గడికి చాకలి, మంగలి పోవడం మానేశారు. ఊరు ఊరంతా దొరను వెలివేసింది. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాలలో వేలమంది నడిచారు, దాన్ని జైత్రయాత్ర అన్నారు. తర్వాతి నెలలో కల్లోలిత ప్రాంతం. 1980 ఏప్రిల్‌లో నక్సలైట్ల పార్టీ పీపుల్స్‌వార్ పుట్టింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద కాల్పులు. అధికారికంగా పదమూడు మంది అన్నారు. ఆ ఊళ్ళ జనం ఆ సంఖ్యను ఎప్పుడూ నమ్మలేదు. మీ లెక్కల పుస్తకాల్లో ఇదంతా ఎక్కడ మొదలవుతుంది?

పరిశోధకురాలు: నిజం చెప్తాను. ఉప్సాలా విశ్వవిద్యాలయం వాళ్ళ లెక్క ఉంది. ప్రపంచమంతా దాన్నే వాడుతుంది. పోరులో ఏడాదికి కనీసం 25 మంది చనిపోతేనే దాన్ని సాయుధ ఘర్షణగా లెక్కిస్తారు. ఆ కొలతతో చూస్తే 1978 సిరిసిల్ల కనపడదు. గడి ముందు చాకలి ఆగిపోయిన రోజు అసలే కనపడదు. ఇది లోపమే, నేను ఒప్పుకుంటాను. కానీ ఆ కొలత లేకపోతే ఇంకొక పని ఆగిపోతుంది. వెట్టి తెలంగాణ అంతటా ఉంది. దొరలూ అంతటా ఉన్నారు. మరి తుపాకీ కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్‌లలో ఎందుకు వేళ్ళూనుకుంది? పక్క జిల్లాల్లో అంతగా ఎందుకు నిలవలేదు? అడవి దగ్గరుండడమా, గోదావరి దాటితే ఇంకో రాష్ట్రం కావడమా, సింగరేణి గనుల్లో సంఘాలా, చదువుకున్న పిల్లలు ఊళ్ళకు తిరిగి రావడమా? పోల్చకుండా దీనికి జవాబు రాదు. ఒక్క ఊరి కథను ఎంత ప్రేమగా చెప్పినా రాదు. పెరూలో, నేపాల్‌లో, ఫిలిప్పీన్స్‌లో ఏం జరిగిందో పక్కన పెట్టి చూస్తేనే సిరిసిల్ల గురించి కొత్త సంగతి తెలుస్తుంది.

అధ్యాపకుడు: పోల్చు, వద్దనను. పోల్చేవాళ్ళు మన ఊరును ఉదాహరణల పట్టికలో ఒక గీతగా పెట్టి వదిలేస్తారు, నా బాధ అది. జాన్ హెర్జ్ 1950లో భద్రతా సంకటం అని ఒక మాట చెప్పాడని నువ్వే నాకు ఒకసారి చెప్పావు. ఒక దేశం భయంతో ఆయుధాలు పెంచుకుంటే పక్కదేశం ఇంకా భయపడి తానూ పెంచుకుంటుంది, చివరికి ఇద్దరికీ భద్రత తగ్గుతుందని. మనవాళ్ళు ఆ మాట వినకుండానే ఆ బతుకు బతికారు. పగలు పోలీసులు, రాత్రి అన్నలు. అన్నలు ఓటు వెయ్యొద్దనేవారు. పోలీసులు వేలు మీద సిరా గుర్తు చూపించమనేవారు. అన్నం పెడితే ఒకరికి కోపం, పెట్టకపోతే ఇంకొకరికి కోపం. క్యాంపు వచ్చిన ఊళ్ళో దళం కన్ను పడేది, దళం వచ్చిన ఊళ్ళో క్యాంపు పడేది. హెర్జ్ రెండు దేశాల గురించి రాశాడు. రెండు సైన్యాల నడుమ నిలబడ్డ మూడోవాడి గురించి రాయాలంటే మన మానాల, రుద్రంగి, కోనరావుపేట వైపు ఊళ్ళకు రావాలి.

పరిశోధకురాలు: ఆ మూడోవాడి గురించి సరిగ్గా రాసినవాళ్ళు ఎంతమంది సార్? నేను మిమ్మల్ని నొప్పించాలని అనడం లేదు. కానీ మన ప్రాంతపు సాహిత్యమూ, జ్ఞాపకమూ ఎక్కువ భాగం ఎన్‌కౌంటర్లలో పోయినవాళ్ళ గురించే. స్తూపాలు కట్టారు, కట్టాలి కూడా. ఇన్ఫార్మర్ అన్న అనుమానంతో ఊరి నడుమ చంపిన మనిషి గురించి ఎవరు రాశారు? అతని భార్య ఆ తర్వాత అదే ఊళ్ళో ఎలా బతికింది? 1999 ఏప్రిల్‌లో మంథని ప్రాంతంలో మాజీ స్పీకర్ శ్రీపాదరావును చంపారు. ఊరికి మంచి చేసే మనిషని పేరున్న నాయకుడు. మీరు బోర్డు మీద రాసే తేదీల్లో అది ఉంటుందా?

అధ్యాపకుడు: ఉండాలి. ఇన్నాళ్ళూ తక్కువసార్లు ఉంది. దగ్గరగా ఉన్నవాళ్ళకు ఒక వైపు చావు చుట్టరికమవుతుంది, రెండోవైపు చావు వార్తవుతుంది. ఈ మాటకు నేను ఎదురు చెప్పను. కానీ దానికి మందు దూరం కాదని నా నమ్మకం. ఎస్.ఆర్. శంకరన్‌ను చూడు. 1987 డిసెంబర్‌లో తూర్పు గోదావరి గుర్తేడు దగ్గర నక్సలైట్లు ఎత్తుకెళ్ళిన ఐఏఎస్ అధికారుల్లో ఆయన ఒకడు. అడవిలో బందీగా ఉండి వచ్చిన మనిషి, పదేళ్ళకు, 1997లో, పౌరస్పందన వేదికకు సారథ్యం వహించాడు. ప్రభుత్వానికీ ఉత్తరాలు రాశాడు, పీపుల్స్‌వార్‌కూ రాశాడు. మీరు చంపేదీ తప్పే, వాళ్ళు చంపేదీ తప్పే అన్నాడు. హరగోపాల్, కన్నబిరాన్, పొత్తూరి వెంకటేశ్వరరావు ఆయనతో నడిచారు. 2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో చర్చలు జరిగాయంటే ఆ ఏడేళ్ళ శ్రమే పునాది. ఏ దూరపు విశ్వవిద్యాలయమూ ఆ పని చెయ్యలేదు.

పరిశోధకురాలు: చర్చలు ఏమయ్యాయి?

అధ్యాపకుడు: నాలుగు రోజులు నడిచాయి. 2005 జనవరికి తెగిపోయాయి. ఆగస్టులో మళ్ళీ నిషేధం.

పరిశోధకురాలు: శంకరన్‌గారి పట్ల నాకున్న గౌరవం మీకు తెలుసు. కానీ పరిశోధకురాలిగా నేను అడగాల్సిన ప్రశ్న వేరు. అవి ఎందుకు తెగిపోయాయి? చర్చలకు కూర్చునే ముందు రోజే పీపుల్స్‌వార్, ఎంసీసీ అనే మరో నక్సలైట్ పార్టీ కలిసి మావోయిస్టు పార్టీ అయ్యాయని ప్రకటించారు. ఒక రాష్ట్రంతో మాట్లాడేది ఇప్పుడు దేశమంతా పనిచేసే పార్టీ. ఒక రాష్ట్ర ప్రభుత్వం ఆ పార్టీకి ఏమివ్వగలదు? ఆయుధాలు పట్టుకుని ఊళ్ళో తిరగవచ్చా లేదా అన్న ఒక్క అంశం దగ్గరే బండి ఆగింది. భూమి సంగతి దాకా గట్టిగా పోనేలేదు. కొలంబియాలో, ఉత్తర ఐర్లండ్‌లో ఆయుధాల సంగతిని ఎలా విడదీసి, ఎంత ఓపిగ్గా, ఎన్నేళ్ళు నడిపారో తెలిసినవాళ్ళు ఆ బల్ల దగ్గర ఇంకొంతమంది ఉంటే? ఉత్తర ఐర్లండ్‌లో 1998లో ఒప్పందం కుదిరింది, అక్కడి సాయుధ సంస్థ ఐఆర్‌ఏ ఆయుధాలు పక్కన పెట్టింది 2005లో. ఏడేళ్ళు. మన దగ్గర ఏడు నెలలు కూడా ఓర్చలేదు. మంచితనం సరిపోలేదని అనడం లేదు. మంచితనానికి తోడు ఈ చదువు కూడా ఉండాలంటున్నాను. ఆ చదువు వేములవాడ పిల్లకు మొదటి వారం నుంచే అందాలంటున్నాను.

అధ్యాపకుడు: నువ్వు ఇప్పుడు నా వాదానికి సాయం చేస్తున్నావు, చూసుకున్నావా? ఉత్తర ఐర్లండ్ చదివిన పిల్లకు సిరిసిల్ల కూడా తెలిస్తేనే కదా ఆ బల్ల దగ్గర కూర్చోగలిగేది.

పరిశోధకురాలు: సిరిసిల్ల తెలిసి, సిరిసిల్ల మనిషిగా మాట్లాడకుండా ఉండగలగాలి. అక్కడే మనకు తేడా. బాలగోపాల్‌ను తీసుకోండి. లెక్కల మనిషి, కాకతీయ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పాడు. పౌరహక్కుల సంఘంలో పదిహేనేళ్ళు ప్రధాన కార్యదర్శిగా పనిచేసి, ఉద్యమాల హింసను కూడా అదే గొంతుతో ప్రశ్నించాలన్న వాదంతో బయటికి వచ్చి, 1998లో మానవహక్కుల వేదికను పెట్టినవాళ్ళలో ఒకడయ్యాడు. ఆయన పాత మిత్రులు చాలామంది నొచ్చుకున్నారు. ఆయన రాతల్లో నన్ను ఇప్పటికీ పట్టుకుని కూర్చోబెట్టేవి ఆ తర్వాతివే. ఎందుకంటే అక్కడ ఆయన తనవాళ్ళ నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

అధ్యాపకుడు: వెనక్కి వేశాడు, కానీ ఊళ్ళకు పోవడం మానలేదు. ఎన్‌కౌంటర్ జరిగిన చోటికల్లా చివరిదాకా వెళ్ళాడు, 2009లో పోయేవరకు. దూరం ఆయన మనసులో పెట్టుకున్నాడు, కాళ్ళలో పెట్టుకోలేదు. నీ రంగంలో చాలామంది దూరాన్ని కాళ్ళలో పెట్టుకున్నారు. దంతెవాడ చూడకుండా దంతెవాడ మీద పుస్తకం. పోలీసు ప్రకటనలోని సంఖ్య, దాని కింద గ్రాఫు. ఆ సంఖ్య వెనక శవాన్ని గుర్తుపట్టడానికి పెద్దపల్లి నుంచో, హుస్నాబాద్ నుంచో ఒక తండ్రి ఆసుపత్రి మార్చురీ ముందు ఎన్ని గంటలు కూర్చున్నాడో ఆ గ్రాఫుకు తెలియదు. మన జిల్లాల మనుషులు ఎంత దూరం పోయారో చూడు. పెద్దపల్లిలో పుట్టిన మావోయిస్టు నాయకుడు మల్లోజుల కోటేశ్వరరావు 2011 నవంబర్‌లో బెంగాల్ అడవిలో చనిపోయాడు. ఆయన తమ్ముడు వేణుగోపాల్ 2025 అక్టోబర్‌లో గడ్చిరోలిలో ఆయుధం అప్పగించాడు. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరి మధ్య ఆ పద్నాలుగేళ్ళలో ఏం మారింది? ఢిల్లీలో దాన్ని విజయం అన్నారు. ఇక్కడ కొందరు ద్రోహం అన్నారు. ఈ రెండు మాటలూ కాని మూడో మాట కావాలి. అది ఆ వాడకట్టుకు పోకుండా దొరకదు.

పరిశోధకురాలు: దొరకదు. ఇందులో మీతో గొడవ లేదు. అయితే నా దగ్గరికి వచ్చిన ఒక సమస్య చెప్తాను, మీరే తీర్పు చెప్పండి. ఒక ఎంఏ విద్యార్థి తన మండలంలో లొంగిపోయిన పాత దళ సభ్యులతో మాట్లాడి ప్రాజెక్టు రాస్తానంటున్నాడు. ఇరవై రెండేళ్ళ పిల్లవాడు. మీరైతే ఏం చెప్తారు?

అధ్యాపకుడు: పొమ్మంటాను. రేపే పొమ్మంటాను. 1978లో ఇరవయ్యేళ్ళున్నవాళ్ళకు ఇప్పుడు డెబ్బై దాకా వచ్చింది. ఇంకో పదేళ్ళకు అడగడానికి మనిషి ఉండడు.

పరిశోధకురాలు: నేను వద్దన్నాను. కారణం వినండి. బోస్టన్ కాలేజీ వాళ్ళు 2001 నుంచి బెల్‌ఫాస్ట్‌లో పాత ఐఆర్‌ఏ వాళ్ళతో, వాళ్ళ శత్రుపక్షంతో మాట్లాడి టేపులు చేశారు. మీరు బతికుండగా బయటపెట్టం అని మాటిచ్చారు. మంచి ఉద్దేశం, గొప్ప పని. 2011లో అక్కడి పోలీసులు అమెరికా కోర్టుల ద్వారా ఆ టేపులు అడిగారు. కొన్ని ఇవ్వాల్సి వచ్చింది. 2014లో వాటి ఆధారంగా అక్కడి రాజకీయ నాయకుడు గెర్రీ ఆడమ్స్‌ను పిలిపించి రోజుల తరబడి విచారించారు. ఒక సంపన్న అమెరికన్ విశ్వవిద్యాలయం, లాయర్లున్న విశ్వవిద్యాలయం, ఇచ్చిన మాట నిలబెట్టుకోలేకపోయింది. మన పిల్లవాడి ఫోనులో ఉన్న రికార్డింగ్‌ను ఎవరు కాపాడతారు? తాడ్వాయి పోలీసులు పెట్టిన కేసులో 152 మంది పేర్లు రాశారు, హరగోపాల్‌గారి పేరుతో సహా, ఉపా చట్టం కింద. ఆ సంగతి 2023లో బయటపడ్డాక రాష్ట్రమంతా మాట్లాడింది కాబట్టి ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఈ పిల్లవాడి కోసం రాష్ట్రం మాట్లాడుతుందా? ఒకవేళ అతనికేమీ కాకపోయినా, ఆ పెద్దమనిషి ఏ హత్య సంగతో నోరు జారి చెప్తే, ఆ చనిపోయినవాడి కొడుకు అదే ఊళ్ళో ఉంటే?

అధ్యాపకుడు: నువ్వు చెప్పింది భయపెట్టే మాట, న్యాయమైన మాట కూడా. కానీ దీని ఫలితమేమిటో చూడు. నీలాంటి జాగ్రత్తగల గురువులందరూ వద్దంటారు. అప్పుడు వాళ్ళతో మాట్లాడేది ఇద్దరే. ఒకరు లొంగుబాటు పత్రం రాసుకునే అధికారి. ఇంకొకరు యూట్యూబ్ కెమెరా పట్టుకుని వచ్చే మనిషి. మొదటివాడికి కావలసింది వాంగ్మూలం, రెండోవాడికి కావలసింది సంచలనం. నీ శాస్త్రం నేర్పిన మెళకువలు, పేరు మార్చడం, అనుమతి తీసుకోవడం, ఏది అడక్కూడదో తెలియడం, ఇవన్నీ ఎవరికి పనికొచ్చాయి మరి?

పరిశోధకురాలు: హత్యల గురించి అడగకూడదని ముందే రాసుకుని వెళ్ళాలి. సంఘం పెట్టకముందు బతుకు, కూలీ, వెట్టి, చదువు, ఎందుకు వెళ్ళాడు, వచ్చాక భూమి ఉందా, ఊరు మాట్లాడిందా, అంతవరకే. రికార్డింగ్ వద్దు, చేతిరాత. పేరూ ఊరూ మార్చాలి. ఇన్ఫార్మర్ ముద్రతో మనిషిని పోగొట్టుకున్న కుటుంబంతో కూడా అన్ని గంటలే కూర్చోవాలి. పోలీసు కొడుకుతో కూడా. ఈ షరతులన్నీ ఒప్పుకుంటే అప్పుడు మళ్ళీ ఆలోచిస్తాను. పిల్లవాడు ఒక్కడు పోవద్దు. గురువు వెంట ఉండాలి.

అధ్యాపకుడు: గురువు వెంట ఉండాలంటే ఆ గురువు ఇక్కడ ఉండాలి కదమ్మా. సెమిస్టర్‌కు రెండుసార్లు వచ్చిపోతే కాదు. నీ షరతులు మంచివే. అయితే హత్యలు అడక్కుండా ఈ ప్రాంతపు చరిత్ర రాస్తే, ఆ ఇన్ఫార్మర్ భార్య కథ మళ్ళీ బయటపడదు. ఇందాక నన్ను నిలదీసింది నువ్వే.

పరిశోధకురాలు: అవును. అది నాకు తెలిసే అన్నాను. ఆమె చెప్పదలచుకుంటే ఆమె చెప్పింది రాయాలి. చంపినవాడి నోటితో చెప్పించే హక్కు మనకు లేదంటున్నాను.

అధ్యాపకుడు: ఆమె చెప్పాక, చంపినవాడి మాట లేకుండా అచ్చువేస్తే దాన్ని నీ సమీక్షకులు ఒకవైపు మాటే అంటారు. దూరం పాటించలేదంటారు.

పరిశోధకురాలు: అననివ్వండి సార్. ఆ విమర్శకు నేను జవాబు చెప్పుకుంటాను. ఆ పిల్లవాణ్ణి ఈ ఆదివారం మీ దగ్గరికి పంపిస్తాను. ముందు ఉత్తర ఐర్లండ్ మీద ఒక పుస్తకం చదివి రమ్మన్నాను.

అధ్యాపకుడు: చదివి రమ్మను. నేను మాత్రం వాణ్ణి మొదట రుద్రంగి తీసుకుపోతాను.